పూస తీసిన గంట

మృగశిర కార్తె, సోమవారం

ఈ రాతలో తప్పులుంటే అవి నావే. మా బోధన పరిశోధన శాఖలో పరిశీలకులు దినచర్యను చెవిలో మాట్లాడే పూస తీసేసి, సొంత మాటల్లో రాయాలని ఒక నియమం ఉంది. ఎప్పుడో ఎవరో పెట్టారు, తీసెయ్యడం మరిచిపోయారు. రోజు మొత్తంలో నాకు ఇష్టమైన పని ఇదొక్కటే.

మెట్టవలసకి మధ్యాహ్నం చేరాను. సముద్రం పైకొచ్చాక తీరంలోని ఊళ్ళన్నీ ఈ కొండెక్కి ఒక్క ఊరయ్యాయి. ఇళ్ళన్నీ ఎగువ వీధుల్లో, బడి దిగువ వీధిలో. పోటు వచ్చినప్పుడల్లా దిగువ వీధిలోని పల్లాలు మునిగి మళ్ళీ తేలతాయి. ఇక్కడివాళ్ళకి అదొక వింత కాదు. నేను మాత్రం చీర కుచ్చిళ్ళు ఎత్తి, చెప్పులు చేత్తో పట్టుకుని బడికి వచ్చాను. పిల్లలంతా ఒక్కసారే నవ్వారు. నన్ను చూసి నవ్వారో, చెవిలో పూస ఏదైనా చెప్పిందో తెలియలేదు.

బడికి ఒకే మాస్టారు. జోగినాయుడు గారు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. పొద్దున్నే పిల్లల పూసల్ని స్పిరిట్ దూదితో తుడిచి, చార్జింగ్ చూసి, ఎవరిది వాళ్ళకి అందించడం ఆయన ఉద్యోగం. చెవిలో పెట్టుకున్నాక పాఠం పూసే చెబుతుంది. సందేహం పుట్టేలోపే తీర్చేస్తుంది. "నాను మాస్టర్ని కాదు మేడమ్, కంపౌండర్ని," అని ఆయన నవ్వారు. అది నిజం కాబట్టి నాకు నవ్వు రాలేదు.

నా పని 'మిగులు' కొలవడం. రోజూ ఒక గంట పూసలు తీయించి, నిన్న విన్న పాఠంలోంచి పిల్లల బుర్రల్లో సొంతంగా ఏం మిగిలిందో అడిగి లెక్కకట్టాలి. బడి లోపల కుదరదు, అక్కడ గోడలు కూడా పాఠం చెబుతాయి. అందుకని బడి వెనక సముద్రంలోకి దిగే రాతిమెట్ల మీద కూర్చోబెట్టాలి. ఊళ్ళో అప్పుడే నాకు పేరు పెట్టేశారు, కొలతలమ్మ అని.

మృగశిర కార్తె, శుక్రవారం

పూస ఉన్నంతసేపూ ఈ పిల్లలు చిచ్చరపిడుగులు. త్రిభుజాల వైశాల్యాలు, మునిగిపోయిన ఊళ్ళ పేర్లు, గుండెకి ఎన్ని గదులో, అడగడమే తరువాయి. పూస తియ్యగానే ముఖాల్లోంచి ఎవరో లేచి వెళ్ళిపోతారు. ఏడవరు, కంగారు పడరు. తలలు కుడిపక్కకి కాస్త వంచి, మర్యాదగా ఎదురుచూస్తూ కూర్చుంటారు.

విత్తనం ఎలా మొలుస్తుందని అడిగాను. నిన్నటి పాఠమే. ఒక్కరూ నోరు విప్పలేదు. "తెలీదు" అని కూడా అనలేదు. తెలీదు అనాలంటే ముందు లోపల వెతుక్కోవాలి, వెతికితే దొరకలేదని తెలియాలి. వీళ్ళకి వెతకడమే అలవాటు లేదు.

అప్పుడు చివరి మెట్టు పక్కనుంచి ఒక గొంతు లేచింది. "ఇత్తు లోపల బుల్లి మొక్క తొంగుంటాది. నీల్లు పోత్తే తడిసిపోనాదని నెగిసిపోద్ది."

తొమ్మిదేళ్ళు ఉంటాయి. రెండు జడల్లో ఒకటి ఊడిపోయింది. పేరు నూకాలు. విత్తనంలో మొక్క నిద్రపోతుందట, తడిస్తే లేస్తుందట. శాఖవారి పట్టిక ప్రకారం ఆ జవాబుకి సున్నా వెయ్యాలి, వేశాను. తప్పు జవాబు విని ఎన్నాళ్ళయిందో. ఈ పిల్ల ఆ తప్పుని తనే కూర్చుని తయారుచేసుకుంది. సంతోషంతో ఈ రాత్రి అన్నం సరిగా తినలేకపోయాను.

ఆరుద్ర కార్తె, మంగళవారం

నూకాలు సంగతి మాస్టారు చెప్పారు.

ఇక్కడ పిల్లకి మూడో ఏడు రాగానే పూస పెట్టే వేడుక చేస్తారు. పూర్వం చెవులు కుట్టినట్టే. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు, నోట్లో బెల్లం ముక్క పెడతారు, పిల్ల బెల్లం చప్పరిస్తుండగా చెవిలో పూస పెడతారు. నూకాలుకీ పెట్టారు. వారం తిరక్కుండా చెవిలో చీము పట్టింది. ఆరోగ్య శాఖ మనిషి తీసేసి, మానాక మళ్ళీ పెడదామన్నాడు. తల్లి పోలమ్మ ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంటులో పనిచేస్తుంది. ఒకసారి ఆమెకి సెలవు దొరకలేదు, ఒకసారి ఆసుపత్రి పడవ రాలేదు, అలా అలా ఏళ్ళు గడిచిపోయాయి. పై ఆఫీసు దృష్టిలో మాత్రం నూకాలు చెవిలో పూస ఉంది.

మీరెందుకు రాయలేదని మాస్టారిని అడిగాను. మొదట బద్ధకమన్నారు. కాసేపు దూది నలుపుతూ కూర్చుని, అసలు మాట చెప్పారు.

"బళ్ళో నన్ను మాస్టారూ అని పిలిచి ఏటైనా అడిగీది అదొక్కర్తే మేడమ్. అది అడిగినపుడే నాకు ఉజ్జోగం ఉన్నట్టుంటాది."

నేనూ ఆ పిల్ల మాట పైకి రాయకూడదని అప్పటికప్పుడే అనుకున్నాను. పరిశీలకులకి పూస లేని పిల్ల కనిపిస్తే వెంటనే తెలియజెయ్యాలని నియమం. ఆ నియమం కూడా నాకు బాగా తెలుసు.

ఆరుద్ర కార్తె, శనివారం

బడి పక్కన ఒక ఇనుప స్తంభం మీద పాతకాలపు సైరన్ ఉంది. పోటుకి కొంచెం ముందు కూస్తుంది. ఊరివాళ్ళు దాన్ని కూత అంటారు. నూకాలు లెక్కలో కూత నీళ్ళని పిలుస్తుంది, వాళ్ళమ్మ కోళ్ళని పిలిచినట్టు. పిలిస్తే వస్తాయి, పిలవకపోతే రావు.

తప్పని చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. చెబితే నేనూ ఒక పూసని అవుతాను. "అయితే కూత ఆగిపోతే ఏమవుతుంది?" అని మాత్రం అడిగాను.

"ఊరు మునగదు. ఆ కూతని ఎవులూ ఆపరేటండీ?"

పునర్వసు కార్తె, గురువారం

పోయిన వారం గాలివానకి సైరన్ ఊడి నీళ్ళలో పడింది. మునిసిపాలిటీవాళ్ళు వచ్చి చూసి, ఇంక పెట్టక్కర్లేదు, పోటు హెచ్చరిక అందరికీ పూసలోనే వస్తోంది కదా అని వెళ్ళిపోయారు. ఉత్త స్తంభం మిగిలింది.

ఆ రోజు నూకాలు అన్నం కూడా తినకుండా మెట్ల మీద కూర్చుంది. కూత లేదు. నీళ్ళొచ్చాయి. మెల్లగా ఒక్కొక్క మెట్టూ ఎక్కి, మామూలుగా ఆగే నాచుపట్టిన మెట్టు దగ్గర ఆగాయి. ఆ పిల్ల ముఖం చూసి నాకే జాలేసింది. మోసపోయినదానిలా నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. తరవాత లేచి నా దగ్గరికొచ్చి, "ఎవులూ పిలవకండానే వచ్చినాయి," అని ఫిర్యాదు చేసింది.

అంతే. ఇంకేం చెప్పలేదు, ఏడవలేదు కూడా. రెండు రోజుల తరవాత చూస్తే మెట్ల పక్క గోడ పగుళ్ళలో పెంకుముక్కలు గుచ్చుతోంది. ఏమిటని అడిగితే చూపించింది. నీళ్ళు నాచుమెట్టుని ముట్టుకున్న క్షణాన స్తంభం నీడ గోడ మీద ఎక్కడుందో అక్కడ ఒక పెంకు. మర్నాడు ముట్టుకున్నప్పుడు నీడ ఇంకొంచెం జరిగి ఉంటుంది, అక్కడ ఇంకొకటి. ఎండ లేని రోజున పెంకు పెట్టదు, ఆ చోటు ఖాళీగా వదిలేస్తుంది. తెలియని కొలతని తెలియనట్టే వదిలెయ్యడం మా శాఖలో ఇంతవరకు ఒక్కరికీ చేతకాలేదు.

"రోజూ కూసింత ఆలీసంగా వత్తన్నాయి," అంది. "మా యమ్మ డూటీ మారినట్టు."

నేను గదికొచ్చి తలుపేసుకుని కాసేపు ఏడ్చాను. సంతోషానికే.

పుష్యమి కార్తె, బుధవారం

మిగతా పిల్లల మిగులు వారం వారం పడిపోతోంది. నేను వచ్చిన కొత్తలో పాఠం చెప్పలేకపోయినా, ఇంటి సంగతులు అడిగితే నాలుగైదు మాటలైనా అనేవాళ్ళు. ఇప్పుడు పూస తీస్తే కొందరు తమ పేరు చెప్పడానికి కూడా ఆలోచిస్తున్నారు. నా అంకెల గీత నేలకి తగలబోతోంది. విశ్వేశం గారికి పంపాను. ఆయన మా సంచాలకులు, మంచివారే, అంకెలంటే ప్రాణం. గీత ఎందుకు పడుతోందో కారణం తెలిస్తే బాగుంటుందని పూసలో మెత్తగా అన్నారు. కారణం చెవిలోనే ఉందని నోటిదాకా వచ్చింది. మింగేశాను. పోల్చి చూపించడానికి పూస లేని పిల్ల ఒక్కతైనా ఉండాలి కదా అని ఆయన అన్నప్పుడు మాత్రం గబుక్కున మాట మార్చాను.

నూకాలుకి ఈ వారం చందమామ దొరికాడు. చందమామ సగం ఉన్న రోజుల్లో నీళ్ళు నాచుమెట్టుదాకా రావట. నిండుగా ఉన్నా, అసలు లేకపోయినా పైకి వస్తాయట. ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. రాత్రి వాళ్ళమ్మ డ్యూటీకి పోతే డాబా మీద ఒక్కతే పడుకుని చూస్తుంది. ఇవాళ నా పక్కన కూర్చుని అడిగింది.

"నీల్లకి సందమామ సంగతి ఎవులు సెప్పినారండీ? నీల్లకి సెవి నేదు కదా."

నా యాభైయేళ్ళలో ఇంత మంచి ప్రశ్న ఎవరూ నన్ను అడగలేదు. జవాబు నాకు తెలుసు. చెప్పలేదు. నువ్వే ఇంకొన్నాళ్ళు చూడు, తరవాత మాట్లాడుకుందాం అన్నాను. మూతి ముడుచుకుంది.

పుష్యమి కార్తె, శనివారం

పోలమ్మ వచ్చింది. ప్లాంటు యూనిఫాం మీదే వచ్చి గుమ్మం బయట నిలబడింది. చెవి మానిపోయి చాన్నాళ్ళయిందట. మీరు పైకి ఒక్క మాట రాస్తే ఆసుపత్రి పడవ వస్తుంది, మాబోటివాళ్ళు అడిగితే రాదు అంది. నేను చూద్దామన్నాను. మీ పిల్ల మిగతావాళ్ళకన్నా తెలివైనది పోలమ్మా అని కూడా అన్నాను. ఆమెకి కోపం వచ్చింది.

"తెలివైతే ఏటమ్మా? రేపు పూస నేకండా దాన్ని ఏ పనిలో పెట్టుకుంటారు? ప్లాంటులో గేటు కూడా పూసని సూసే తీత్తాది. మీ సెవిలో ఉన్నాది కదా, మీరు తీసీరేటి?"

నా చెయ్యి దానంతటది చెవి దగ్గరికి వెళ్ళింది.

తల్లి వెనకనుంచి నూకాలు ముందుకొచ్చింది. మామూలుగా గలగల మాట్లాడే పిల్ల, ఇవాళ నేలచూపులు చూస్తూ అడిగింది. "నాకూ పూస పెట్టించండి. ఆలందరూ ఒక్కసారే నవ్వుతారు. నాను ఎందుకని అడిగితే ఆలు సెప్పరు. ఆలకీ తెల్దు."

నేనేదో చెప్పి పంపేశాను. ఏం చెప్పానో రాయడానికి కూడా మనసొప్పడం లేదు. ఆ పిల్ల ఒంటరిది. నా కొలత కోసం ఒంటరిగా ఉంచుతున్నాను. ఈ ఊళ్ళో ప్రశ్న అడిగే ఒకే ఒక్క పిల్లని కాపాడుకుంటున్నానని నాకు నేను చెప్పుకుంటున్నాను. రెండూ నిజమే కావచ్చు.

ఆశ్లేష కార్తె, అమావాస్య

ఏమైనా ఇవాళే రాయాలి.

పొద్దున గాలి గట్టిగా ఉంది. మాస్టారు చెడిపోయిన పూసలు బాగుచేయించడానికి ఎగువకి వెళ్ళారు. నేను పిల్లల పూసలు తీయించి పెట్టెలో పెట్టి లోపల ఉంచాను, నాదీ తీశాను. అందరం మెట్ల మీద కూర్చున్నాం, నాచుమెట్టుకి నాలుగు మెట్లు పైన. నూకాలు నా కొంగు పట్టుకుని లాగింది. ఇవాళ అమాస, దానికి తోడు గాలి, నీళ్ళు నాచుమెట్టు దగ్గర ఆగవు అంది. నేను వింటూనే ఉన్నాను, కాని వినలేదు. ప్రశ్నల వరస మధ్యలో ఉన్నాను. "ఉండమ్మా, కొలత అయిపోనీ," అన్నాను.

నీళ్ళొచ్చాయి. నాచుమెట్టు దాటాయి. తల వంచి అంకెలు వేసుకుంటున్న నాకు పాదాలు తడిసేదాకా తెలియలేదు. తలెత్తి చూస్తే కింది వరస పిల్లలు మోకాళ్ళలోతు నీళ్ళలో కూర్చుని ఉన్నారు. అలా కూర్చునే ఉన్నారు. తలలు కుడిపక్కకి వంచి, చెప్పేవాళ్ళు చెప్తారని ఎదురుచూస్తున్నారు. ఒక అల వచ్చి నడుముదాకా తడిపింది. ఒక పిల్లాడు కళ్ళు తుడుచుకుని మళ్ళీ అలాగే కూర్చున్నాడు.

నాకు అరవాలని తట్టలేదు. ఇది రాసి తీరాలి. నేనూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాను.

నూకాలే అరిచింది. "నెగండి! బేగి నెగండి!" మాట అందరికీ వినిపించింది, ఒక్కరూ లేవలేదు. బయటనుంచి వచ్చే గొంతుని మాటగా తీసుకోవడం వాళ్ళకి అలవాటు లేదు. అది చూసి ఆ పిల్ల నీళ్ళలోకి దిగి ఒక్కొక్కళ్ళ జుట్టూ చొక్కాలూ పట్టి పైకి ఈడ్చింది. అప్పటికి నాకూ కాళ్ళాడాయి. ఇద్దరం కలిసి అందర్నీ పైకి చేర్చాం. ఒక చిన్నపిల్ల జారి పడింది, నూకాలు దాని గౌను అంచు పట్టుకుని వదల్లేదు. ఆ చిన్నదానికి మోకాలు చెక్కుకుపోయింది. అంతకు మించి ఏమీ కాలేదు. దేవుడి దయ అనడానికి కూడా సిగ్గేస్తోంది.

హెచ్చరిక వచ్చిందట. మేం పూసలు తీసి పెట్టెలో పెట్టిన కాసేపటికి, పెట్టెలో ఉన్న పూసలన్నిటికీ వచ్చిందట.

ఆశ్లేష కార్తె, మర్నాడు

నివేదిక పంపాను. మొత్తం రాశాను. నీళ్ళలో కదలకుండా కూర్చున్న పిల్లల గురించి, చెవి తడుముకున్న నా గురించి, కొలత అయిపోనీ అన్న మాట గురించి. పెంకుముక్కల గోడ బొమ్మ పెట్టాను. ఈ బడిలో తనంతట తానుగా లోకాన్ని చూడగలిగిన పిల్ల ఒక్కతే ఉంది, ఆ పిల్ల చెవిలో ఆరేళ్ళుగా పూస లేదు, మీరడిగిన పోలిక ఇదీ అని రాశాను. రోజూ కొంతసేపైనా పిల్లలందరికీ పూస తీసేసి, తప్పులు చెయ్యనివ్వాలని సిఫార్సు చేశాను.

పంపేముందు జోగినాయుడు గారికి వినిపించాను. ఆయన చేతిలో దూది పక్కన పెట్టారు.

"దాని పేరు రాయకండా ఉండాల్సింది మేడమ్."

పేరు లేకపోతే ఎవరూ నమ్మరన్నాను. నిజానికి నాకు అప్పుడు గర్వంగా ఉంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత గట్టి రుజువు నా చేతికి రాలేదు. రుజువుకి ఎవరూ ఎదురు చెప్పలేరని ఇంకా నమ్ముతూనే ఉన్నాను.

మఖ కార్తె, సోమవారం

ఉత్తర్వు వచ్చింది. పూసలో చదివి వినిపించారు, గొంతు చాలా బాగుంది.

నా నివేదిక శాఖని కదిలించిందట. పూసలు తీసిన సమయంలో పిల్లలు ప్రాణాపాయానికి గురైనట్టు పరిశీలకురాలే స్వయంగా నిరూపించారు కాబట్టి, పూస తీసే గంటని అన్ని బడుల్లోనూ వెంటనే రద్దు చేశారు. ఇకనుంచి మిగులుని పూస ఉండగానే కొలవాలి. ఆరేళ్ళుగా సాయం అందక ఒక బాలిక నీడల్నీ పెంకుల్నీ నమ్ముకుని బతకాల్సి రావడం శాఖకి తీరని అవమానం, బాలికకి తక్షణం వైద్యం అందించాలి. ఆమెని వెలికి తీసినందుకు నాకు ప్రశంస.

అన్నీ నా వాక్యాలే. నేను రాసిన క్రమంలోనే ఉన్నాయి. ఒక్క అబద్ధం కూడా కలపలేదు.

విశ్వేశం గారితో మాట్లాడాలని ప్రయత్నించాను. మాట్లాడారు. మీరు బాధపడుతున్నట్టున్నారు, మీ పూస చెబుతోంది, రెండు రోజులు సెలవు తీసుకోండి అన్నారు. ఆ పిల్ల అందర్నీ బతికించింది సార్ అన్నాను. అవును, ఏ పిల్లకీ మళ్ళీ అలాంటి అవసరం రాకూడదనే కదా అన్నారు ఆయన. దానికి ఎదురు చెప్పే మాట కోసం వెతుక్కున్నాను. దొరకలేదు.

పుబ్బ కార్తె, ఆదివారం

ఆసుపత్రి పడవ ఆగమేఘాల మీద వచ్చింది. ఇవాళ నూకాలుకి పూస పెట్టారు.

పోలమ్మ నన్ను ప్రత్యేకంగా పిలిచింది. గుమ్మానికి తోరణం కట్టింది, బూరెలు వండింది, అప్పుచేసి కాదు, ఖర్చూ సెలవూ ప్లాంటువాళ్ళే ఇచ్చారట, నా నివేదికలో ఆమె కూతురి పేరుందని. నా చేతులు పట్టుకుంది. "మీ మేలు మరిసిపోనమ్మా," అంది. మొన్న కోపంగా మాట్లాడినందుకు ఏమీ అనుకోవద్దంది. బూరె తినేదాకా ఊరుకోలేదు. తిన్నాను. తియ్యగానే ఉంది.

వేడుక మూడేళ్ళ పిల్లలకి చేసేది. నూకాలుకి తొమ్మిదేళ్ళు. అయినా పద్ధతి పద్ధతే కదా, మేనమామ చాప మీద కూర్చుని ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆ పిల్ల కాళ్ళు రెండూ అతని ఒడి దాటి నేలకి ఆనుతున్నాయి. అందరూ నవ్వారు, అదీ సిగ్గుపడి నవ్వింది. జడలు రెండూ గట్టిగా వేసి ఉన్నాయి. నోట్లో బెల్లం పెట్టారు. చెవిలో పెట్టే ముందు నా వైపు చూసి, "నొప్పెడతాదేటండీ?" అని అడిగింది.

లేదమ్మా అన్నాను. అది నా దగ్గర జవాబు తీసుకున్న ఆఖరి ప్రశ్న.

పెట్టగానే ఒక్క క్షణం ఉలిక్కిపడింది. తల మెల్లగా కుడిపక్కకి వంగింది. తరవాత గదిలో ఉన్న పిల్లలంతా ఒక్కసారే నవ్వారు, నూకాలూ వాళ్ళతోపాటే నవ్వింది. ఆ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. జోగినాయుడు గారు లేచి బయటికి వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేదు. చూడాలి కదా, నేను చేసిందే.

ఉత్తర కార్తె, శుక్రవారం

కొత్త పద్ధతిలో మిగులు కొలిచాను. అందరికీ నూటికి నూరు. విశ్వేశం గారు సంతోషించారు, గీత నిటారుగా పైకి లేచిందన్నారు. పరిశీలకులు పూస తీసి దినచర్య రాయాలనే పాత నియమం కూడా ఎవరి కంటో పడింది. సోమవారం నుంచి అదీ ఉండదు. చెబితే పూసే రాస్తుంది, నాకన్నా బాగా రాస్తుంది. కాబట్టి నా తప్పులతో రాస్తున్నది ఇదే చివరిది.

సాయంత్రం మెట్ల దగ్గరికి వెళ్ళాను. పిల్లలు ఆడుకుంటున్నారు. పూస చెప్పే ఆట, నీళ్ళ మీద పెంకు విసిరితే ఎన్నిసార్లు ఎగురుతుందో చూడటం. ఎంత వాలుగా విసరాలో, ఎప్పుడు విసరాలో చెవిలో చెబుతుంది, అందరివీ ఒకేలా ఎగురుతున్నాయి. నూకాలు గోడ దగ్గరికి వెళ్ళి పగుళ్ళలోంచి పెంకులు పీకి తెచ్చి అందరికీ పంచుతోంది. నేను వెళ్ళేసరికి గోడ దాదాపు ఖాళీ అయిపోయింది. ఎండ లేని రోజుల ఖాళీలూ, ఎండ కాసిన రోజుల ఖాళీలూ ఇప్పుడు ఒకేలా ఉన్నాయి.

దగ్గరికి పిలిచి అడిగాను, నీళ్ళకి చందమామ సంగతి ఎవరు చెప్పారో కనుక్కున్నావా అని. తల కొంచెం వంచింది.

"చంద్రుని గురుత్వాకర్షణ వలన సముద్రజలాలు ఉబ్బుతాయి. దీనినే పోటు అంటారు."

ఒక్క అక్షరం తప్పు లేదు. 'నీల్లు' అనలేదు, 'సందమామ' అనలేదు. ఆ ప్రశ్న నువ్వే నన్ను అడిగావు గుర్తుందా అన్నాను. నా ముఖంలోకి చూసింది. పాపం, నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించింది. నుదురు ముడిపడింది, పెదవులు కదిలాయి. ఒక్క క్షణం నాకు ఆశ కలిగింది. అంతలో ముడి విడిపోయింది, చక్కగా నవ్వి, "నానెపుడడిగినాను?" అని చేతిలో మిగిలిన పెంకుతో పరిగెత్తింది.

చివరి పెంకు కూడా విసిరేశాక నాచుమెట్టు దగ్గర కూర్చుని కాళ్ళు వేలాడేసింది. పోటు మొదలైంది. నీళ్ళు దాని బొటనవేళ్ళు ముట్టుకున్నాయి. పాదాలు తడిశాయి. అది సముద్రంకేసి చూస్తూనే ఉంది, చూడ్డం లేదు. చీలమండల దాకా వచ్చాక అందరూ ఒక్కసారే లేచారు, అదీ లేచింది.

రేపు నీళ్ళు ఇవాళ్టికన్నా కాస్త ఆలస్యంగా వస్తాయి. ఈ సంగతి చెవిలో ఎవరూ చెప్పకుండా తెలిసినవాళ్ళం ఈ ఊళ్ళో ఇద్దరం ఉండేవాళ్ళం. నాకు నేర్పింది ఆ పిల్లే.